నేటాలు బడులలో మన పంతుళ్ళు

దక్షిణాఫ్రికా తెలుగువారి చరిత్ర వ్రాయ మొదలిడినవారు ముందుగా ఓడ పేరు చెబుతారు. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ డర్బన్ రేవు చేరింది. 1911లో ఈ కూలి వలస ఆగిపోయేనాటికి సుమారు 1,52,000 మంది భారతీయులు నేటాలుకు వచ్చారు. వారిలో మూడింట రెండు వంతులు మద్రాసు రేవులో ఓడ ఎక్కినవారే. విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు, చిత్తూరు సీమల మన పెద్దలు అందులోనివారే. ఆ పైన చెఱుకు తోటలు, సర్దార్లు, బారకాసులు, రామ భజనలు, 1931 నాటి ఆంధ్ర మహాసభ. సావనీర్లలో ఇదంతా పలుమార్లు చదివి వున్నాము. చదవవలసినదే. అయితే మనలో దాదాపు ప్రతి కుటుంబంలోనూ ఒక పంతులో పంతులమ్మో వున్నప్పటికీ, ఆ ఉద్యోగం మన యింటికి ఎలా వచ్చింది, ఆ పంతులుకు ఏ అర్హత వుండేది, ఎవరి బడికి ఎంతమందిని పంపేవారు అన్న సంగతి మాత్రం ఎవరూ తీరికగా వ్రాయలేదు. ఆ లోటును కొంతవరకైనా తీర్చుదామని ఈ వ్యాసం.

ఒప్పంద పత్రంలో కూలి, బియ్యం, పప్పు, ఉప్పు చేప వున్నాయి గాని పిల్లల చదువు లేదు. తోట యజమానికి కావలసింది చేతులు. చదువు సంగతి మొదట పట్టించుకున్నవారు క్రైస్తవ మిషనరీలు. 1860లలో డర్బన్‌లో కాథలిక్కు, మెథడిస్టు పాదరీలు చిన్న చిన్న బడులు పెట్టారు. తరువాత ఆంగ్లికన్ వారి సెయింట్ ఎయిడాన్స్ మిషను వచ్చింది. 1878లో 20వ నెంబరు చట్టం ద్వారా నేటాలు ప్రభుత్వం భారతీయ వలసదారుల పాఠశాల బోర్డును ఏర్పాటు చేసింది. ఆ బోర్డు బడులకు గ్రాంటు యిచ్చింది, ఇన్‌స్పెక్టరును నియమించింది. కాని పంతుళ్ళను ఎక్కడినుంచి తెచ్చేది? ఇంగ్లీషు వచ్చి, మన పిల్లల మాట కూడా అర్థమయ్యేవారు అరుదు. మద్రాసు నుంచీ మారిషసు నుంచీ కొందరు వచ్చారు. మిషను బడులలోనే చదువుకున్న క్రైస్తవ కుటుంబాల పిల్లలు పెద్ద తరగతులు పూర్తికాగానే అదే బడిలో చిన్న తరగతులకు పాఠం చెప్పేవారు. మొదటి తరం భారతీయ ఉపాధ్యాయులలో క్రైస్తవులు అంత ఎక్కువగా కనబడడానికి కారణం యిదే. మతం మీద అభిమానం, ద్వేషం రెండూ ప్రక్కకు పెట్టి చూస్తే, బడి ఎవరు తెరిచారో పంతుళ్ళు ఆ గుమ్మం నుంచే వచ్చారని తెలుస్తుంది.

పంతొమ్మిదవ శతాబ్ది చివరివరకు కొద్దిమంది భారతీయ పిల్లలు, ఇంగ్లీషు దుస్తులు ధరించి, ఇంగ్లీషు చక్కగా మాట్లాడే వర్తక కుటుంబాలవారు, శ్వేతజాతి బడులలో చేరగలిగారు. 1899లో డర్బన్‌లో హయ్యర్ గ్రేడ్ ఇండియన్ స్కూలు వెలిసింది. పేరు చూస్తే గౌరవంగానే వుంటుంది. అసలు అర్థం మాత్రం యిక మీరు మా బడులకు రావద్దు అనే. ఆ నాటి నుంచి దాదాపు తొంభై ఏళ్ళపాటు మన బడి వేరు, మన పంతులు వేరు, మన జీతాల పట్టిక వేరు.

ఇక్కడ ఎయిడెడ్ బడుల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నేటి యువకులకు ఆ మాటే తెలియదు. ప్రభుత్వం తనంతట తాను కట్టిన భారతీయ బడులు చాలా తక్కువ. ఊరివారు చందాలు వేసుకొని, గుడి ప్రక్క స్థలంలోనో మసీదు ఆవరణలోనో తోట యజమాని యిచ్చిన మూలలోనో రేకుల షెడ్డు లేచేది. ఒక కమిటీ, ఒక మేనేజరు. ప్రభుత్వం ఇన్‌స్పెక్టరును పంపి చూసి గ్రాంటు మంజూరు చేస్తే పంతులుకు జీతం. గ్రాంటు ఆలస్యమైతే పంతులు ఎదురు చూడవలసిందే. రెండు మూడు తరగతులు ఒకే గదిలో, ఒకే పంతులు. ఉత్తర తీరంలో స్టాంగరు, టోంగాట్, వెరులమ్ ప్రాంతాల తోటలలోనూ, దక్షిణ తీరంలో ఉమ్‌జింటో వైపూ పరిస్థితి మరీ కనాకష్టం. కాస్త శిక్షణ పొందినవాడు డర్బన్ విడిచి వెళ్ళడానికి యిష్టపడేవాడు కాదు. వెళ్ళినా, పట్నంలో ఖాళీ ఎప్పుడు పడుతుందా అని చూసేవాడు. అర్హత గల పంతుళ్ళు పట్నంలో పోగుపడడం, తోట పిల్లలకు అర్హత లేనివారు మిగలడం అన్న జబ్బు ప్రభుత్వాల వర్ణభేదంతోనే పుట్టిందనుకోవడం పొరపాటు. అది మన సొంత బడులలోనూ ఆనాటి నుంచే వున్నది.

1925లో నేటాల్ ఇండియన్ టీచర్స్ సొసైటీ ఏర్పడింది. జీతాలు, శిక్షణ, బడుల కొరత గురించి ప్రభుత్వం ముందు లెక్కలతో మాట్లాడడం ఈ సంఘంతో మొదలయింది. రెండేళ్ళకు, 1927లో కేప్‌టౌను ఒడంబడిక కుదిరింది. ఆ ఒడంబడిక మేరకు భారత ప్రభుత్వం పంపిన మొదటి ఏజెంటు వి. ఎస్. శ్రీనివాస శాస్త్రిగారు నేటాలులో భారతీయుల చదువు దుస్థితిని స్వయంగా చూశారు. 1928లో విద్యా విచారణకు సహాయంగా భారతదేశం నుంచి కిచ్లూగారు వచ్చారు. పిల్లలలో అధిక భాగం అసలు బడి ముఖమే చూడడంలేదని అందరికీ తెలిసిన సంగతే కాగితం మీదికి ఎక్కింది. ప్రభుత్వం వద్ద సిద్ధంగా వున్న సమాధానం ఒకటి వుండేది: బడులు కట్టినా చెప్పేవారు ఏరీ? శాస్త్రిగారు ఆ మాటకు మాటతో జవాబు చెప్పక భవనంతో చెప్పారు. భారతీయులవద్దనే చందాలు పోగుచేసి హైస్కూలునూ ఉపాధ్యాయ శిక్షణనూ ఒకే కప్పు క్రింద చేర్చి కట్టించి నేటాలు ప్రభుత్వానికి అప్పగించారు. అదే శాస్త్రి కాలేజీ. 1929లో ప్రారంభోత్సవం, 1930లో తరగతులు. చెప్పడానికి పట్టభద్రులు యిక్కడ లేకపోవడం వల్ల మొదటి సంవత్సరాలలో భారతదేశం నుంచి ఉపాధ్యాయులను రప్పించారు.

శాస్త్రిగారి తరువాత 1929 నుంచి 1932 వరకు ఏజెంటుగా వున్నవారు మన ఆంధ్రులే, సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు. ఆంధ్ర మహాసభ పుట్టిన 1931 ఆయన యిక్కడ వున్న కాలమే. పగలు ప్రభుత్వపు బడిలో ఇంగ్లీషు, సాయంత్రం సభ బడిలో తెలుగు అనే రెండు పట్టాల బండి మన కుటుంబాలలో అప్పటి నుంచి గట్టిగా నడిచింది. పగటి బడి పంతులుకు సర్టిఫికెట్టు వుండేది, జీతం వుండేది. సాయంత్రపు పంతులుకు రెండూ లేవు. పెద్దబాలశిక్ష చదివిన ఒక పెద్దాయన, పనినుంచి వచ్చి కాళ్ళు కడుగుకొని, లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దించేవాడు. ఈ తేడా తరువాతి కాలంలో మనకు ఎంత నష్టం తెచ్చిందో ముందుకు చూస్తాము.

శాస్త్రి కాలేజీ మగపిల్లలది. ఆడపిల్లలను పై తరగతులకు పంపే కుటుంబాలు ఆ రోజుల్లో బహు కొద్ది. ఆడపిల్లలను పంపకపోవడానికి ఒక కారణం బడిలో పంతులమ్మ లేకపోవడం. పంతులమ్మ లేకపోవడానికి కారణం ఆడపిల్లలను చదివించకపోవడం. ఈ వలయం తెగడానికి రెండు మూడు తరాలు పట్టింది. 1970, 80 దశకాలకు చిన్న తరగతులలో స్త్రీలే అధికంగా కనబడసాగారు. అయినా హెడ్మాస్టరు కుర్చీలో మాత్రం పురుషుడే. పెళ్ళి అయిన స్త్రీకి శాశ్వత ఉద్యోగం దొరకడం కష్టంగా వుండేది. ఒకే అర్హత వున్నా స్త్రీ జీతం తక్కువ. 1990ల తొలి సంవత్సరాల దాకా ఆ భేదం పూర్తిగా తొలగలేదు. మన యింటి పంతులమ్మలు దీనిని పెద్దగా ఫిర్యాదు చేసినట్టు మనం వినలేదు. బహుశః మనం అడగలేదు.

అర్హతల విషయంలో మన పంతుళ్ళ కృషి చెప్పుకోదగినది. డిగ్రీ కావాలంటే కొందరు ఫోర్ట్ హేర్‌లోని ఆఫ్రికన్ కాలేజీకి వెళ్ళి చదివారు. 1936లో మేబెల్ పామర్ అనే విదుషి పూనికతో నేటాలు యూనివర్సిటీ కాలేజీవారు శ్వేతేతరులకు వేరు తరగతులు మొదలుపెట్టారు. అవి జరిగింది మన శాస్త్రి కాలేజీ గదులలోనే. వారమంతా బడిలో చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పి, సెలవు వేళల్లో తాము విద్యార్థులై అదే రకపు బల్లల మీద కూర్చున్న ఉపాధ్యాయులెందరో. తరువాత ఉత్తరాల ద్వారా పాఠాలు పంపే దక్షిణాఫ్రికా విశ్వవిద్యాలయం వారికి ఆసరా అయింది. 1951లో డర్బన్‌లో స్ప్రింగ్‌ఫీల్డ్ ట్రైనింగు కాలేజీ తెరవబడింది. 1961లో సాలిస్‌బరీ దీవి మీద, పాత సైనిక గుడిసెలలో, భారతీయులకు ప్రత్యేక యూనివర్సిటీ కాలేజీ పెట్టారు. దానిని వేర్పాటువాదపు కాలేజీ అని మనవారు నిరసించారు. నిరసిస్తూనే చేరారు. వేరే దారి లేదు కదా.

మన పిల్లలు యింతమంది పంతుళ్ళు కావడానికి విద్య మీద భక్తి ఒక్కటే కారణమని సభలలో చెబుతుంటారు. భక్తి నిజమే. కాని చదువుకున్న భారతీయుడికి తెరిచి వుంచిన తలుపులు ఎన్ని? రైల్వేలో, బ్యాంకులో, సర్కారు కచేరీలో పై ఉద్యోగాలు శ్వేతజాతివారివి. మెడిసిను చదివించే స్తోమత కొద్దిమందికే. దుకాణం పెట్టడానికి మూలధనం కావాలి. తోట నుంచి బయటపడిన కూలి మనుమడికి కాలరు నలగని ఉద్యోగం బడిలోనే దొరికింది. మరో దేశంలో ఇంజనీరో జడ్జీయో కావలసిన తెలివిగలవాడు యిక్కడ మన బడిలో ఐదవ తరగతికి లెక్కలు చెప్పాడు. అతనికి అది అన్యాయం, మనకు అది అదృష్టం. రెండూ ఒకేసారి నిజమే.

1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం మన వాడలను చెరిపివేసింది. క్లెయిర్‌వుడ్ వంటి చోట్ల ఊరివారు రెక్కలు ముక్కలు చేసుకొని కట్టుకున్న ఎయిడెడ్ బడుల చుట్టూ జనం ఖాళీ అయ్యారు. 1960లలో ఛాట్స్‌వర్తు, 1970లలో ఫీనిక్సు పుట్టాయి. అంతకుముందు బడులు చాలక ప్లాటూను తరగతులు నడిచేవి. ఉదయం ఒక పటాలం పిల్లలు, మధ్యాహ్నం మరో పటాలం, గది ఒకటే. 1965 నాటి భారతీయ విద్యా చట్టం 1966లో అమలులోకి రాగా నేటాలులోని మన బడులు రాష్ట్రం చేతినుంచి కేంద్రపు భారతీయ వ్యవహారాల శాఖ చేతికి పోయాయి. మనవారు దానిని ఎదిరించారు. ఉపాధ్యాయుడు ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శిస్తే శిక్షార్హుడయ్యే నిబంధనలు వచ్చాయి. అయితే కొత్త వాడలలో ఇటుక భవనాలు లేచాయి, శిక్షణ లేని పంతుళ్ళు క్రమంగా తగ్గిపోయారు, మెట్రిక్ పైన మూడేళ్ళ శిక్షణ అన్నది మన బడులలో మామూలు అర్హత అయింది. 1980లలో ఒకే అర్హతకు జాతిని బట్టి జీతం మారే పద్ధతి కూడా పోయింది.

ఇక్కడ మన ప్రక్కింటివైపు చూడక తప్పదు. 1975–76లో ప్రభుత్వం ఒక్కొక్క విద్యార్థి మీద పెట్టిన ఖర్చు శ్వేతజాతి బిడ్డకు 644 రాండ్లు, భారతీయ బిడ్డకు 189, కలర్డ్ బిడ్డకు 139, ఆఫ్రికన్ బిడ్డకు 42. పై అంకె చూసి మనం బాధపడ్డాము. క్రింది అంకెను ఎంతమందిమి చూశాము? 1953 నాటి బంటూ విద్యా చట్టం క్రింద ఆఫ్రికన్ బడులలో పంతులు తాను ఎనిమిదో తరగతి చదివి రెండేళ్ళ శిక్షణ పొందితే చాలు, కొన్నిచోట్ల అంతకన్న తక్కువకే నియమించేవారు. తరగతికి నలభై, యాభై, అంతకు మించిన పిల్లలు. మన బడిలో యిరవై పైచిలుకు. 1994లో కొత్త ప్రభుత్వం వచ్చేసరికి ఒక్క క్వాజూలూ నేటాలులోనే ఐదు వేర్వేరు విద్యాశాఖలు వుండేవి, ఐదు రకాల లెక్కలతో. వాటిని కలిపి ఒకటి చేయాలి. పంతుళ్ళను కూడా కలిపి పంచాలి.

1996లో వచ్చిన నిర్ణయం మన యిళ్ళలో యింకా కొందరు మరువలేదు. ప్రాథమిక బడిలో నలభైమందికి ఒకరు, మాధ్యమిక బడిలో ముప్పై అయిదుగురికి ఒకరు అని సర్కారూ ఉపాధ్యాయ సంఘాలూ ఒప్పుకున్నాయి. ఆ లెక్క ప్రకారం చూస్తే శ్వేతజాతి బడులలోనూ మన బడులలోనూ పంతుళ్ళు మిగులు, ఆఫ్రికన్ బడులలో తక్కువ. మిగులు తేలినవారి పేర్లు జాబితాకు ఎక్కించి ఖాళీ వున్న చోటికి పంపాలి. వెళ్ళడం యిష్టంలేనివారు ఒక మొత్తం పుచ్చుకొని ఉద్యోగం మానుకోవచ్చు. ఎవరు మిగులు అన్నది తేల్చడానికి ఆఖరున చేరినవాడు మొదట వెళ్ళాలన్న సూత్రమూ, బడికి అవసరమైన పాఠ్యాంశం ఏదన్న విచారణా. స్టాఫు రూములలో ఏళ్ళ తరబడి కలిసి టీ తాగినవారు ఒకరి సీనియారిటీని ఒకరు వేళ్ళమీద లెక్కపెట్టుకున్న కాలం అది.

మనలో చాలామంది దీనిని మన మీద కక్ష అన్నారు. ఆ మాట మనం ఒప్పుకోము. 42 రాండ్ల బిడ్డకు పంతులు కావాలి, ఆ పంతులు ఎక్కడినుంచో రావాలి. ఈ లెక్క న్యాయమైనదే. చెడింది అమలులో. డబ్బు పుచ్చుకొని వెళ్ళిపోయినవారిలో ఎక్కువమంది అనుభవజ్ఞులు, బయట పని దొరకగల లెక్కల, సైన్సు పంతుళ్ళు, హెడ్మాస్టర్లు. వేలమంది అలా వెళ్ళారు. వారు ఏ పల్లె బడికీ చేరలేదు, మన బడిలోనూ మిగలలేదు. 1997లో కేప్‌టౌనులోని గ్రోవ్ ప్రైమరీ స్కూలు జాబితానుంచే పంతుళ్ళను తీసుకోవాలన్న నిర్బంధాన్ని కోర్టులో ఎదిరించి గెలిచింది. ఆ తరువాత చట్టం మార్చి, ఎవరిని తీసుకోవాలో సిఫారసు చేసే అధికారం బడి పాలకమండలికి ఇచ్చారు. మరోవైపు 1996 నాటి పాఠశాలల చట్టమే, ఫీజు వసూలు చేసుకోగలిగిన బడికి తన డబ్బుతో అదనపు పంతుళ్ళను పెట్టుకొనే హక్కు ఇచ్చింది. దాంతో పంపకం మళ్ళీ పాత దారిన పడింది. సర్కారు పోస్టులు సమానంగా వున్నట్టు కాగితం చెబుతుంది. ధనికుల బడిలో తరగతికి యిరవై అయిదుగురు, పేద బడిలో నలభై అయిదుగురు. రంగు స్థానంలో రాండు కూర్చుంది. ఛాట్స్‌వర్తు, ఫీనిక్సు బడులు ఈ రెంటి మధ్యా నలిగాయి. ఫీజు ఎక్కువ వసూలు చేయలేవు, మరీ పేదవని సర్కారూ ఒప్పుకోదు.

తరువాత కొన్ని దిద్దుబాట్లు జరిగాయి. 2007 నుంచి అతి పేద ప్రాంతాల బడులలో ఫీజు తీసివేశారు. అదే ఏడు ఫుంజా లుషాకా అనే విద్యార్థి వేతనం వచ్చింది. ఎన్నేళ్ళు దానితో చదివితే అన్నేళ్ళు ప్రభుత్వపు బడిలో పనిచేయాలని షరతు. కొత్తగా చేరేవారికి నాలుగేళ్ళ డిగ్రీ అర్హత అయింది. పాత ట్రైనింగు కాలేజీల కాలం 2000 ప్రాంతాలతో ముగిసి, శిక్షణ అంతా విశ్వవిద్యాలయాలకు పోయింది. డిగ్రీ మంచిదే. కాని ట్రైనింగు కాలేజీ ఫీజు కట్టగలిగిన కూలివాడి కొడుకు యూనివర్సిటీ ఫీజు కట్టగలడా అన్న ప్రశ్న ఆ సంస్కర్తలకు తట్టిందో లేదో.

ఇప్పుడు ఛాట్స్‌వర్తు, ఫీనిక్సు బడులలో అనేకం చూస్తే పిల్లలలో ఆఫ్రికన్లే అధికం, పంతుళ్ళలో మనవారే అధికం. దీనిని కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఇంట్లో జూలూ మాట్లాడే బిడ్డకు ఇంగ్లీషు తప్ప రాని పంతులు చదువు చెబుతున్నాడు. నూట నలభై ఏళ్ళ క్రితం తెలుగు మాట్లాడే బిడ్డ ముందు తెలుగురాని పంతులు నిలబడినప్పుడు మన ముత్తాతలు పడ్డ అవస్థే యిది, యిప్పుడు బల్లకు అవతలి వైపు మనం వున్నాము.

మన భాష సంగతి. 1984లో మన బడులలో హిందీ, తమిళం, తెలుగు, గుజరాతీ, ఉర్దూ పాఠ్యాంశాలుగా ప్రవేశించాయి. లాంతరు ముందు నేర్చుకున్నది పగటి బడికి వచ్చిందని మనం సంతోషించాము. కాని సాయంత్రపు పంతుళ్ళలో అధికులకు సర్టిఫికెట్టు లేదని ముందు చెప్పుకున్నాము కదా. శిక్షణ పొందిన తెలుగు ఉపాధ్యాయులు తయారై నిలదొక్కుకొనేలోగా 1996 వచ్చింది. నలభైమందికి ఒకరన్న లెక్కలో పదిహేనుమంది పిల్లల తెలుగు తరగతికి చోటు లేదు. మిగులు జాబితాలో భాషా పంతుళ్ళు ముందుకు వచ్చారు. డర్బన్-వెస్ట్‌విల్ విశ్వవిద్యాలయపు భారతీయ భాషల శాఖ కూడా 1990ల చివర మూతబడింది. అదే 1996లో ఆమోదించిన రాజ్యాంగం ఆరవ విభాగంలో తెలుగును పేరుపెట్టి గౌరవించింది. అక్షరక్రమం తప్పు పడి టెలెగు అయింది, అది వేరే మాట.

2014లో ప్రభుత్వం ఈ ఐదు భాషలనూ బడులలో ఐచ్ఛిక పాఠ్యాంశాలుగా తిరిగి ప్రకటించింది. ప్రకటనతో పోస్టు రాలేదు. బడికి వచ్చే పోస్టుల సంఖ్య పాతదే. అందులోనుంచి ఒకటి తెలుగుకు ఇవ్వాలంటే లెక్కలకో జూలూకో తగ్గించాలి. ఏ హెడ్మాస్టరు తగ్గిస్తాడు? తగ్గించమని మనం మాత్రం ఏ ముఖంతో అడుగుతాము? పాలకమండలి తన డబ్బుతో పెట్టుకోవచ్చు, డబ్బు వుంటే. కనుక తెలుగు తరగతి మళ్ళీ సభ హాలుకే వచ్చింది, శనివారాలలో. చెబుతున్నవారిలో చాలామంది ప్రభుత్వ బడులలో ముప్పై, నలభై ఏళ్ళు పనిచేసి విశ్రాంతి తీసుకున్న పంతుళ్ళు, పంతులమ్మలు. జీతం లేదు. ఈసారి సర్టిఫికెట్టు మాత్రం వుంది.